సమాధానం: శుక్లం ఆపరేషన్‌కి భయపడుతున్న అమ్మగారికి పాటలు

అండీ, వచ్చే వారం అమ్మగారికి కంటి శుక్లం ఆపరేషన్, మెలకువగా పడుకోవాలంటేనే వణికిపోతున్నారు, పాటలు వినిపిస్తే ఉపయోగమా అని అడిగారు. తప్పకుండా వినిపించండి. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రిక 73 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణను ప్రచురించింది. ఆపరేషన్‌కి ముందు గానీ, జరుగుతుండగా గానీ, అయ్యాక గానీ సంగీతం విన్నవాళ్ళకు ఆపరేషన్ తర్వాత నొప్పి, ఆందోళన తగ్గాయని, నొప్పి మందులూ తక్కువే పట్టాయని అందులో తేలింది.

అసలు టెన్షన్ లోపలికి వెళ్ళకముందే పెరుగుతుంది. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి కూర్చోబెడతారు చూడండి, ఆ సమయంలోనే పాటలు మొదలుపెట్టండి. మా నాన్నగారికి అప్పుడే బీపీ పెరిగింది. ఇష్టమైన భజనలు పెట్టి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాక నెమ్మదించారు.

లోపల వినిపించాలంటే ముందే డాక్టర్‌ని అడగాలి. ముఖం మీద గుడ్డ కప్పుతారు, పైగా "లైటు చూడండమ్మా", "కదలకండి" అన్న మాటలు ఆవిడకు వినపడాలి. అందుకే ఇయర్‌ఫోన్లు వద్దు, గదిలోనే చిన్నగా పెట్టమనండి. పాటలు ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, మధ్యలో ప్రకటన గట్టిగా వస్తే ఉలిక్కిపడతారు. వింటూ తల ఊపడం, కూనిరాగం తీయడం అలవాటుంటే ఆ పాటలు పక్కన పెట్టి, వేణువో వీణో నెమ్మదిగా సాగేది ఎంచుకోండి.

పాట మత్తుమందుకు బదులు కాదు. నొప్పి తెలిస్తే తల కదపకుండా నోటితో చెప్పమని అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.