మీ ప్రశ్న – మా జవాబు: సానియా మీర్జా డబుల్స్ లెక్కలు

ప్రశ్న: సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లిన సానియా చివరికి డబుల్స్‌కే పరిమితమైంది. అది వెనకడుగే కదా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మేము అలా అనుకోవడం లేదు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో అల్యోనా బొండారెంకోను ఓడించి ఆమె డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకుముందు భారత మహిళలెవరూ డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఏదీ గెలవలేదు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరింది. మీరన్న 27వ ర్యాంకు 2007 ఆగస్టులో వచ్చింది. ఆ తర్వాత శరీరం సహకరించలేదు. 2008లో కుడి మణికట్టుకు ఆపరేషన్ అయింది, రెండు మోకాళ్లకూ ఆపరేషన్లు తప్పలేదు. 2013లో సింగిల్స్ మానేసింది.

కోర్టు కొలతలు చూస్తే ఆ నిర్ణయం ఎంత సరైనదో అర్థమవుతుంది. సింగిల్స్‌లో 27 అడుగుల వెడల్పును ఒక్కరే కాచుకోవాలి. డబుల్స్ కోర్టు 36 అడుగులు, కానీ ఇద్దరుంటారు కాబట్టి తలా 18 అడుగులు. సర్వీసు సింగిల్స్‌లో రెండు గేములకోసారి వస్తే, డబుల్స్‌లో నాలుగు గేములకోసారి వస్తుంది. సానియాను ఇబ్బంది పెట్టినవి పక్కలకు పరుగు, రెండో సర్వీసు (మొదటిది తప్పితే వేసేది). డబుల్స్‌లో రెండింటి భారమూ తగ్గింది, ఫోర్‌హ్యాండ్ (రాకెట్ పట్టిన చేతివైపు నుంచి కొట్టే దెబ్బ) పదును మాత్రం అలాగే ఉంది.

ప్రశ్న: ఆమె ఆరు గ్రాండ్‌స్లామ్‌లు ఏవేవి?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మిక్స్‌డ్ డబుల్స్‌లో (ఒక మహిళ, ఒక పురుషుడు జోడీగా ఆడేది) మూడు: మహేశ్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012 ఫ్రెంచ్ ఓపెన్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్ ఓపెన్. మహిళల డబుల్స్‌లో మూడూ మార్టినా హింగిస్‌తోనే: 2015 వింబుల్డన్, 2015 యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్. మన సాకేత్ మైనేనితో కలిసి 2014 ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ స్వర్ణం కూడా గెలిచింది.

ప్రశ్న: హింగిస్‌తో కలిసి గెలిచినప్పుడు సానియా ఒక్కతే నంబర్ వన్ ఎలా అయింది?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డబుల్స్ ర్యాంకు జోడీకి కాదు, మనిషికి ఇస్తారు. గడిచిన 52 వారాల్లో ఎవరితో ఆడి సంపాదించినా ఆ పాయింట్లు ఎవరి ఖాతాలో వారికే పడతాయి. 2014లో సానియా కారా బ్లాక్‌తో ఆడింది, ఏడాది చివర జరిగే డబ్ల్యూటీఏ ఫైనల్స్ టోర్నీ కూడా గెలిచింది. హింగిస్ వేరే భాగస్వాములతో ఆడింది. 2015లో జత కట్టగానే ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్ వరసగా గెలిచారు. పాత పాయింట్ల బలంతో ఏప్రిల్ 13న సానియా అగ్రస్థానానికి చేరింది. మొత్తం 91 వారాలు అక్కడ ఉంది. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: మిక్స్‌డ్ విజయాలకు ర్యాంకు పాయింట్లు రావు. అంటే ఆ మూడు మిక్స్‌డ్ గ్రాండ్‌స్లామ్‌ల సాయం ఇందులో ఏమాత్రం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఫోర్‌హ్యాండ్ గట్టిగా కొడుతుంది, డబుల్స్‌లో మాత్రం ఓడిపోతోంది. సానియా, హింగిస్ వీడియోల్లో ఏం చూడమంటారు?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: రిటర్న్ (ప్రత్యర్థి సర్వీసును తిప్పికొట్టే బంతి) ఎటు పోతోందో చూడమనండి. పిల్లలు బలంగా కొట్టాలన్న తొందరలో బంతిని నెట్ దగ్గరున్న ప్రత్యర్థికి నేరుగా, భుజం ఎత్తులో అందిస్తారు. పాయింటు అక్కడే పోతుంది. రిటర్న్‌ను ఐమూలగా, నెట్ మీంచి తక్కువ ఎత్తులో, సర్వీసు చేసినవారి వైపు పంపాలి. సర్వర్ ముందుకు వస్తుంటే కాళ్ల దగ్గర పడాలి. అప్పుడు వారు బంతిని పైకి లేపక తప్పదు, నెట్ దగ్గరున్న మీ అమ్మాయి భాగస్వామి దాన్ని ముగించేస్తుంది. సానియా వెనక నుంచి కొట్టడం, హింగిస్ నెట్ దగ్గర బంతిని అడ్డుకుని ముగించడం ఎక్కువగా ఇలాగే సాగేది.

సాధనలో నెట్ దగ్గర ఒకరిని నిలబెట్టి, వారికి అందకుండా ఇరవై రిటర్న్‌లు కొట్టించండి. మొదట సగం వేగంతోనే. పది కంటే తక్కువ లోపల పడితే వేగం పెంచనివ్వకండి. ఇంకొకటి, మధ్యలోకి వచ్చే బంతి ఎవరిదో జోడీ ముందే అనుకోవాలి. సాధారణంగా అది ఫోర్‌హ్యాండ్ వైపు పడేవారిది. ఆ మాట అనుకోకపోతే ఇద్దరూ ఆగిపోతారు, లేదా ఇద్దరి రాకెట్లూ తగులుకుంటాయి. 2015 వింబుల్డన్ ఫైనల్ మూడో సెట్ చూపించండి. మకరోవా, వెస్నినాలపై 2-5తో వెనకబడి 7-5తో గెలిచారు. పాయింటుకూ పాయింటుకూ మధ్య వాళ్లిద్దరూ ఎన్నిసార్లు దగ్గరికొచ్చి మాట్లాడుకున్నారో అమ్మాయిని లెక్కపెట్టమనండి.