గ్రీన్‌బెల్ట్ కోర్సు ఇప్పుడే చేయాలా?

ప్రశ్న: మాది అనంతపురం. బీటెక్ మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నాను. లీన్ (వృథా తగ్గించే తయారీ పద్ధతి), క్వాలిటీ రంగంలో స్థిరపడాలని ఉంది. సిక్స్ సిగ్మా గ్రీన్‌బెల్ట్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఇప్పుడే దానికి డబ్బు పెట్టకండి. సిక్స్ సిగ్మా అంటే లెక్కల ఆధారంగా లోపాలు తగ్గించే పద్ధతి, గ్రీన్‌బెల్ట్ అందులో ఒక స్థాయి. ఈ బెల్టులు ఇచ్చే అధికారిక సంస్థంటూ ఒకటి లేదు. రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సుకూ అదే పేరు, కఠినమైన పరీక్షకూ అదే పేరు. అమెరికాలోని పేరున్న క్వాలిటీ సంస్థ ఏఎస్‌క్యూ పెట్టే గ్రీన్‌బెల్ట్ పరీక్షకైతే మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి.

ముందు ప్రొడక్షన్‌లోనో క్వాలిటీలోనో ట్రైనీగా చేరండి. మీకు దగ్గర్లోనే పెనుకొండలో కియా, దానికి విడిభాగాలిచ్చే కంపెనీలు ఉన్నాయి. నా ఓటు విడిభాగాల కంపెనీకే. వాహన రంగపు నాణ్యతా ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 పాటించే చోట ఎఫ్‌ఎంఈఏ (లోపం ఎక్కడ రావచ్చో ముందే అంచనా వేయడం), ఎస్‌పీసీ (కొలతల లెక్కలతో తయారీని అదుపులో ఉంచడం) రోజువారీ పనిలోనే వంటబడతాయి.

ఈలోగా టాక్ట్ టైమ్, అంటే గిరాకీకి సరిపడాలంటే ఒక్కో పీసు ఎంత సమయానికొకటి తయారవ్వాలో లెక్క కట్టడం నేర్చుకోండి. 8 గంటల షిఫ్టులో 480 నిమిషాలు. భోజనానికి 30, టీకి 20 తీసేస్తే మిగిలేవి 430. షిఫ్టుకు 215 పీసులు కావాలంటే ఒక్కోదానికి 120 సెకన్లు. ఏదో ఒక స్టేషన్‌లో 140 పడుతుంటే, మిగతావాటిని ఎంత పరుగెత్తించినా దాని ముందు సరుకు పేరుకుపోతుందే తప్ప ఉత్పత్తి పెరగదు.

చేరాక మొదటి ప్రాజెక్టుగా ప్రెస్ మీద డై (రేకుకు ఆకారమిచ్చే అచ్చు) మార్పు తీసుకోండి. అనుమతి తీసుకుని మొత్తం వీడియో తీయండి. మెషిన్ ఆపితేనే అయ్యే పనులు, నడుస్తుండగానే అయ్యేవి విడదీయండి. తర్వాతి డై, బోల్టులు, స్పానర్లు ముందే పక్కన సిద్ధంగా ఉంచితేనే చాలా సమయం కలిసొస్తుంది, పైసా ఖర్చు లేకుండా. క్లాంపులు కొనడం, డైల ఎత్తు ఒకేలా చేయించడం ఆ తర్వాతి మాట. అయితే మిగిలిన సమయాన్ని చిన్న బ్యాచ్‌లు నడపడానికే వాడాలి. పాత పెద్ద బ్యాచ్‌లే నడిపితే స్టాకు పెరిగి కూర్చుంటుంది. ఆపరేటర్‌తో ముందే మాట్లాడండి. స్టాప్‌వాచ్ చూడగానే ఉద్యోగం పోతుందేమోనన్న భయం పుడుతుంది, చేతులు నెమ్మదిస్తాయి, మీ లెక్కలన్నీ తప్పుతాయి.

క్వాలిటీ పనిలో ఎక్కువమంది తప్పేది గేజ్ (కొలిచే సాధనం) దగ్గర. 10 పీసులను ముగ్గురితో మూడేసిసార్లు కొలిపించి గేజ్ ఆర్ అండ్ ఆర్, అంటే కొలతల తేడాలో గేజ్ వల్ల, కొలిచేవారి వల్ల వచ్చే వాటా ఎంతో చూడండి. 10 శాతం లోపైతే బాగున్నట్టు. 30 దాటితే ఆ కొలతలతో గీసిన కంట్రోల్ చార్టును (తయారీ అదుపులో ఉందో లేదో చూపే గ్రాఫు) నమ్మడానికి లేదు.

రిజెక్షన్ ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఆ తగ్గుదల ఎన్ని నెలలు నిలిచింది అన్నది రికార్డుతో చూపగలిగినప్పుడు పరీక్ష రాయండి.