బాప్తిస్మం తీసుకోబోతున్న అమ్మడికి

అమ్మడూ,

పెద్దమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నువ్వు బాప్తిస్మం తీసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో నాకు కాసేపు మాట రాలేదు. సెలవులకు చెన్నైలో పెరంబూరు మా ఇంటికొచ్చి, సండే స్కూల్లో కంఠత వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పి, బహుమతిగా ఇచ్చిన పెన్సిల్ రాత్రి దిండు కింద పెట్టుకున్న పిల్లవి నువ్వు.

ఆ వెంటనే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. బాప్తిస్మానికి ముందు ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ఉంటావట. పొద్దు గుంకేదాకా మంచినీళ్లు కూడా ముట్టవట. తెల్లారి నాలుగింటికే లేచి ప్రార్థనట. అప్పటినుంచీ నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. షోళింగనల్లూరు నుంచి ఇంత దూరం రమ్మంటే ఆఫీసంటావు. అందుకే రాస్తున్నాను, నిదానంగా చదువు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. నీళ్లలో ముంచుతారు కాబట్టి మందపాటి కాటన్ చుడీదార్ వేసుకో, తెల్లది తడిస్తే ఒంటికి అంటుకుపోతుంది. దుపట్టాకు పిన్నులు పెట్టుకో. మారు బట్టలు, తువాలు మర్చిపోకు. సాక్ష్యం చెప్పమంటే క్లుప్తంగా చెప్పు, ఏడుపొస్తే ఏడువు. కోవళం సముద్రంలో బాప్తిస్మం ఇప్పిద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు. ఇక్కడ అలలు మనిషిని లోపలికి లాగేస్తాయి. అలా కొట్టుకుపోయిన వాళ్లను తీసుకొస్తే నర్సుగా వార్డులో చూసినదాన్ని. చర్చిలో తొట్టి ఉంది, అది చాలు.

ఉపవాసం ఎందుకని మీ అమ్మ అడిగితే, "దేవుడు నాలోకి వచ్చేముందు నన్ను నేను శుద్ధి చేసుకోవాలి" అన్నావట. నీ భక్తి నాకు నచ్చింది తల్లీ. కానీ ఆయన రావడానికి ఎదురుచూడటమేమిటి? నువ్వు నమ్మిన రోజే వచ్చాడు. విశ్వాసముంచినప్పుడే పరిశుద్ధాత్మతో ముద్ర పడిందని పౌలు ఎఫెసీయులకు రాశాడు కదా. సొలొమోను అంత గొప్ప మందిరం కట్టి కూడా, ఆకాశ మహాకాశాలు నిన్ను పట్టలేవే, నేను కట్టిన ఈ మందిరం ఎంతపాటిది అన్నాడు. మందిరంలో తెర వెనక ఉండే అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఒక్కడే, ఏడాదికి ఒక్క రోజే, అదీ రక్తం చేతబట్టుకుని వెళ్లేవాడు. యేసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు ఆ తెర పైనుంచి కిందిదాకా చినిగింది. అంతటి దేవుడు ఇప్పుడు షోళింగనల్లూరు హాస్టల్లో, మూడో అంతస్తులో, ఇనప మంచం మీద పడుకునే నీలో ఉన్నాడు. తలుచుకుంటే ఒళ్లు జలదరించాలి. ఆ భయభక్తులు వద్దనే దాన్ని కాదు నేను. అవి మనిషిని తప్పుదారి పట్టించడం కళ్లారా చూశాను, అదే నా బాధ.

నర్సింగ్ చదివేటప్పుడు నా పక్క మంచం పిల్లకు చక్కెర వ్యాధి ఉండేది, చిన్నతనంలోనే వచ్చే రకం. రోజూ ఇన్సులిన్ ఉండాల్సిందే. గాజు సిరంజీల కాలం అది. గిన్నెలో మరిగించి, చల్లార్చి, తొడ మీద పొడుచుకుని, వెంటనే మోకరించేది. మా అందరిలో ప్రార్థనాపరురాలు తనే. ఒకరింట్లో జరిగిన ప్రార్థన కూడికకు వెళితే, వాక్యం చెప్పే ఆయన ఈ పిల్లను నిలబెట్టి, ఆత్మ నివసించే ఒంట్లోకి సూది ఎందుకమ్మా, నమ్మకం లేదా అన్నాడు. ఆ రాత్రే సిరంజి పెట్టె మంచం కిందికి తోసేసింది. ఉపవాసం మొదలుపెట్టింది. మర్నాటికి వాంతులు. శరీరం లొంగుతోంది, ఆత్మ బలపడుతోంది అని మాకే ధైర్యం చెప్పింది. ఆ తర్వాతి తెల్లవారుజామున లేచి చూస్తే ఊపిరి లోతుగా, గబగబా తీస్తోంది. నోటి దగ్గర ముగ్గిన పండు వాసన. ఇన్సులిన్ అందక ఒంట్లో ఆమ్లం పేరుకుపోతే వచ్చే వాసన అదని పుస్తకంలో అప్పుడే చదివాం. దుప్పటిలో వేసుకుని క్యాజువాలిటీకి మోసుకెళ్లాం.

సెలైన్లు, ఇన్సులిన్ ఎక్కించాక బతికింది. బతికాక అసలు కష్టం మొదలైంది. గోడవైపు తిరిగి పడుకుని, "నా విశ్వాసం చాలలేదు, ఆత్మ నన్ను వదిలేసి వెళ్లిపోయాడు" అనేది. తిండి పెడితే తినదు, బైబిల్ ఇస్తే పట్టుకోదు. మా ట్యూటరమ్మ పెద్దావిడ, మంచం పక్కన స్టూల్ వేసుకుని కూర్చుని ఏలీయా ప్రవక్త కథ చదివింది. నా ప్రాణం తీసుకో ప్రభువా అని బదరీవృక్షం కింద పడుకున్నవాడికి దేవుడు ముందు వాక్యం పంపలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డితో నీళ్లు పంపాడు. తిని పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అని. ఆ పూట ఆ పిల్ల ఒక ఇడ్లీ తింది. చర్చిలో మళ్లీ అడుగుపెట్టడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆ కూడికలో ఆ మాట అన్నాయన ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు.

ఇప్పుడు చెప్పు, నీళ్లు కూడా ముట్టనంటే నీ థైరాయిడ్ మాత్ర సంగతేంటి? పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాల్సిన మాత్ర అది. దేవుడి కోసం మానేస్తున్నానని చెప్పకు, నాకు కోపమొస్తుంది! నాలుగు రోజులు మానితే ఏమీ తెలియదు, మోసమంతా అక్కడే ఉంది. వారాలు గడిచేకొద్దీ నీరసం, చలి, దేని మీదా మనసు నిలవకపోవడం, ఊరికే దిగులు. ఆ దిగులొచ్చినప్పుడు మాత్ర మానేసినందుకని నీకు తట్టదు. ఆయన నాకు దూరమయ్యాడు అనుకుంటావు. నా పక్క మంచం పిల్లలాగే గోడవైపు తిరుగుతావు. నాకు నిద్ర పట్టకుండా చేస్తున్న భయం ఇదే బంగారం.

మీ దేహం పరిశుద్ధాత్మకు ఆలయం, మీరు మీ సొత్తు కారు అని పౌలు రాసింది వ్యభిచారం గురించి. ఈ ఊళ్లో ఒంటరిగా ఉంటున్నావు, ఆ హెచ్చరిక కూడా మనసులో పెట్టుకో. అయితే నీ సొత్తు కానిదాన్ని మాడ్చి పాడుచేసే హక్కు కూడా నీకు లేదు. అదే పౌలు తిమోతికి కడుపు జబ్బుంటే నీళ్లే తాగకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. వైద్యుడైన లూకాను ప్రియుడు అన్నాడు.

ఉపవాసం ఉండు, వద్దనను. వారానికి ఒక రోజు, మధ్యాహ్నం దాకా చాలు. మాత్ర వేసుకో, నీళ్లు తాగు. ఆ పూట నువ్వు తినని అన్నం డబ్బులు హాస్టల్ ఊడ్చే ఆయమ్మ చేతిలో పెట్టు. యెషయా యాభై ఎనిమిదో అధ్యాయంలో దేవుడు అడిగిన ఉపవాసం అలాంటిదే. యేసు చెప్పినట్టు తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని ఆఫీసుకెళ్లు.

ఇంకొకటి. పరిశుద్ధాత్మను దుఃఖపరచకండి అన్న మాటకు ముందూ వెనకా ఏముందో ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో ఈ రాత్రి చదువు. తిండి గురించి ఒక్క ముక్క లేదు. అబద్ధం, కోపం, దుర్భాష, కేకలు, ఇవే ఉన్నాయి. నాలుగింటికి లైటు వేశావని నీ రూమ్‌మేట్ గొడవపడితే, "నీకు దేవుడి విలువ తెలియదు" అన్నావట. ఆ అమ్మాయి నైట్ షిఫ్ట్ చేసి రెండింటికి వచ్చి పడుకుంటుందని మీ అమ్మే చెప్పింది. నీళ్లు మానడం కంటే ఆ ఒక్క మాట మానడం కష్టం తల్లీ, నాకు తెలుసు. చర్చి గుమ్మంలో చెప్పులు విడిచి ముసుగు సర్దుకునేటప్పుడు నీకుండే నెమ్మది ఆ గదిలోనూ ఉండాలి. లైటు వేయకు. టెర్రస్ మెట్ల దగ్గర కూర్చో, లేదా ఆరింటికి ప్రార్థన చేసుకో, ఆయన వింటాడు.

బాప్తిస్మం తర్వాత మొదటిసారి ప్రభువు బల్లలో, అదే రొట్టె ద్రాక్షారసాల్లో, చెయ్యి వేస్తావు. అంతవరకు ఆగకుండా, ఈరోజు ఆఫీసు నుంచి రాగానే ఆ అమ్మాయిని క్షమించమని అడుగు. ఏమందో నాకు చెప్పు.

నీ పెద్దమ్మ