తప్పెవరిదని అడిగితే నోరు విప్పకు

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

మెకానికల్ అయ్యాక యాక్సిడెంట్ల ఇన్వెస్టిగేషన్‌లోకి వస్తానంటున్నావని అక్క ఫోన్లో చెప్పింది. "వేరే ఉద్యోగాలే దొరకలేదా దీనికి" అని కూడా అంది. నాకైతే సంతోషమే. కాకపోతే దిగేముందు ఒకటి తెలుసుకో. అందరూ నిన్ను అడిగేది తప్పెవరిదని. అది నువ్వు చెప్పకూడదు. బండికి ఏమైంది, ఒంటికి దెబ్బ ఎలా తగిలింది, అంతవరకే నీ పని. తప్పు తేల్చడానికి జడ్జిగారున్నారు.

మన ఎఫ్‌ఐఆర్‌లలో "అతివేగంగా, అజాగ్రత్తగా" అన్న మాట తప్పకుండా కనిపిస్తుంది. ఎంత వేగమో మాత్రం కనిపించదు. అది నువ్వు లెక్కకట్టాలి. పొడి తారురోడ్డు మీద చక్రాలు బిగుసుకుపోయి కారు 20 మీటర్లు జారి ఆగిందనుకో. ఘర్షణ గుణకం, అంటే రోడ్డు మీద టైరు పట్టు ఎంతో చెప్పే అంకె, 0.7 వేసుకుంటే జారడం మొదలైనప్పటి వేగం గంటకు 60 కిలోమీటర్ల దాకా వస్తుంది. 0.6 అయితే 55, 0.8 అయితే 64. కోర్టులో "60" అని ఒక్క అంకె చెప్పావంటే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయరు ఉతికి ఆరేస్తాడు. 55 నుంచి 64 మధ్య అను. చివర్లో దేన్నైనా గుద్ది ఆగి ఉంటే అసలు వేగం ఇంకా ఎక్కువే.

లెక్కలు నీకు ఎలాగూ వచ్చు. రానిది శరీరం. అనాటమీ పుస్తకం ఒకటి కొనుక్కో, పోస్ట్‌మార్టం రిపోర్టు చదవడం నేర్చుకో. కారులో ఇద్దరున్నారు, ఎవరు నడిపారో ఇద్దరూ ఒప్పుకోరు. ఇలాంటి కేసులు నీకు చాలా వస్తాయి. మన కార్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి డ్రైవరు బెల్టు కుడి భుజం మీంచి ఎడమ తుంటికి వస్తుంది. పక్క సీటువాడిది దానికి ఎదురు. ఛాతీ మీద కమిలిన చార ఎటు వాలిందో చూస్తే సగం గొడవ తీరిపోతుంది. నువ్వు చదవబోయేవి ఎక్కువ అమెరికా పుస్తకాలే, అక్కడ స్టీరింగు ఎడమవైపు కాబట్టి వాటిలో బొమ్మలన్నీ తిరగేసి ఉంటాయి, జాగ్రత్త.

మన దగ్గర ఎక్కువగా చచ్చిపోయేది టూవీలర్ల మీద వెళ్లేవాళ్లే. అందుకే హెల్మెట్ దొరికితే వదలకు. లోపలి థర్మోకోల్ ఒకసారి గట్టిగా నలిగితే మళ్లీ మామూలుగా అవదు. నలిగిన చోటు తల మీద దెబ్బతో కలుస్తుందా? కలవకపోతే హెల్మెట్ తల మీద ఉందా, హ్యాండిల్‌కి వేలాడిందా అని అనుమానించు. పట్టీ బకిల్ కూడా ఫోటో తియ్యి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్‌ని పట్టీతో గట్టిగా బిగించుకోవాలనే అంటుంది. నెత్తిన పెట్టుకుంటే చాలదు.

ఇక తొందర. స్టేషన్ ఆవరణలో బండి ఎండకి, వానకి తుప్పు పడుతుంది. లేదా ఓనరు విడిపించుకుని షెడ్డుకి తోలేస్తాడు. పాత రకం బల్బుల్లో ఫిలమెంటు సాగి ఉంటే గుద్దినప్పుడు లైటు వెలుగుతోందని తెలిసేది. ఇప్పటి ఎల్‌ఈడీల్లో ఆ ఆధారం లేదు. బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోనివ్వని ఏబీఎస్ ఉన్న బండ్లకి టైరు గీతలు కూడా సరిగ్గా పడవు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లో గుద్దినప్పటి డేటా ఉండొచ్చు. అది తీయడం ఇప్పుడే నేర్చుకో, మా తరానికి అబ్బలేదు.

ఖాళీ ఉన్నప్పుడు ప్రమాదాల్లో ఒంటికి దెబ్బలెలా తగులుతాయో మొదట్లో పరిశోధించిన అమెరికన్ హ్యూ డిహేవెన్ 1942లో రాసిన పేపరు చదువు. 50 నుంచి 150 అడుగుల ఎత్తునుంచి పడి కూడా బతికినవాళ్ల గురించి. అంత ఎత్తునుంచి పడీ వాళ్లెలా బతికారన్నదే ఆయన ప్రశ్న.

డబ్బులిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీ కావచ్చు, చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు కావచ్చు. రిపోర్టు మాత్రం మారకూడదు. అందుకే ఫీజు రిపోర్టు చేతికిచ్చే ముందే తీసేసుకో.

ఇట్లు,
మావయ్య