క్రోమ్ పూత ఊడిపోతే ‘బోరు నీళ్ల తప్పు’ అంటున్నారు: వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది గుంటూరు. పోయిన ఏడాది ఇల్లు కట్టుకున్నాం. రెండు బాత్‌రూములకు ట్యాపులు, షవర్లు, టవల్ రాడ్లు అన్నీ విజయవాడలో ఒకే షాపులో 46 వేలకు కొన్నాం. పదేళ్ల వారంటీ అన్నారు. ఏడాది తిరక్కుండానే వాష్‌బేసిన్ ట్యాపు మీద పొక్కులు లేచి పూత ఊడుతోంది. ఒక షవరు నల్లగా మచ్చలు పడింది. ఇత్తడిదని చెప్పి ఇచ్చిన టవల్ రాడ్డు ఎర్రగా తుప్పు పట్టింది. షాపుకెళితే, ‘మీవి బోరు నీళ్లు, పైగా యాసిడ్‌తో కడిగి ఉంటారు, వారంటీ వర్తించదు’ అన్నారు. సరైన బిల్లు లేదు, ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ ఉంది. డబ్బు ఫోన్‌పే చేశాం. కేసు వేయవచ్చా? వేస్తే విజయవాడ తిరగాలా?

జవాబు: వేయవచ్చమ్మా. విజయవాడ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు ఇవ్వవచ్చు. గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ మీకు సరిపోతుంది. సరుకుకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక ఫీజు కూడా లేదు. లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. మీరే వాదించుకోవచ్చు.

అయితే మీరు చెప్పిన మూడు వస్తువులకూ తగిలిన దెబ్బ ఒకటి కాదు. మూడింటినీ ఒకే గాట కట్టి ఫిర్యాదు రాస్తే బలమైన రెండు కూడా బలహీనపడతాయి. లోపం ఉందని చూపించాల్సిన భారం మొదట మీ మీదే ఉంటుంది. అందుకే కాగితాల కంటే ముందు ఆ వస్తువుల దగ్గరకు వెళ్లి చూడమంటున్నాను.

ట్యాపు మీద మెరిసే క్రోమ్ పొర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు. దాని కింద అంతకంటే మందంగా నికెల్ పొర, ఆ కింద ఇత్తడి ఉంటాయి. పూత వేసేముందు లోహాన్ని సరిగ్గా శుభ్రం చేయకపోతే అది పట్టు నిలవదు. పొక్కు లేస్తుంది, గోటితో గీరితే రేకులా ఊడివస్తుంది. నీళ్లలోని కాల్షియం చేసే పని వేరు. అది పైన తెల్లటి పొరలా పేరుకుంటుంది, దాన్ని తొలగిస్తే కింద క్రోమ్ అలాగే కనబడుతుంది. మీ ట్యాపు మీద పొక్కులు లేచి, ఊడిన చోట అంచులు రేకులా లేస్తుంటే అది తయారీలోనే జరిగిన లోపం అనడానికి మంచి ఆధారం. దాన్ని పగటి వెలుతురులో దగ్గరగా ఫొటోలు, వీడియో తీయండి. ఊడిన రేకులను పారేయకుండా చిన్న కవరులో దాచండి. ఇక దాన్ని గీరకండి.

బోరు నీళ్లలో ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే క్రోమ్ మీద సూది మొనంత గుంటలు పడే అవకాశం ఉంది. షాపువాళ్లు రేపు కమిషన్లో పట్టుకునేది దీన్నే. కాబట్టి ముందే నీళ్లు పరీక్ష చేయించండి. తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వేరే నీటి వనరు లేనప్పుడు కఠినత్వం (కాల్షియం వంటి లవణాలు) లీటరుకు 600 మిల్లీగ్రాములు, క్లోరైడు (ఉప్పులో ఉండేది) 1000 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. మీ రిపోర్టు ఆ లోపల ఉంటే, మనుషులు తాగవచ్చన్న హద్దులో ఉన్న నీళ్లకే పదేళ్ల వారంటీ ట్యాపు ఏడాదికి పాడైందని వాదించవచ్చు. దాటినా నిరాశ పడకండి. కొనేటప్పుడు ‘మాకు బోరు నీళ్లే’ అని చెప్పి, ఏది తట్టుకుంటుందో మీరే ఇవ్వండని అడిగారా? అలా అయితే 1930 నాటి వస్తువిక్రయ చట్టం 16వ సెక్షన్ మీకు అక్కరకొస్తుంది. అవసరం తెలిపి, అమ్మేవాడి అనుభవం మీద ఆధారపడి కొంటే ఆ అవసరానికి సరిపోయే సరుకే ఇవ్వాలి. ఫలానా కంపెనీ ఫలానా మోడలే కావాలని మీరే అడిగి ఉంటే మాత్రం ఈ వాదనకు అంత బలం ఉండదు.

ఇక షవరు. గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రి యాసిడ్ వాష్ చేశాడా? అప్పటికే షవరు బిగించి ఉందా? అతన్ని, పనిమనిషిని విడివిడిగా, కోపం లేకుండా అడగండి. టైల్స్ యాసిడ్‌లోనూ, చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. క్రోమ్‌ను కరిగించేది అదే. షవరు మీద ఒక్క చుక్క పడకపోయినా, తలుపు మూసిన బాత్‌రూములో దాని ఆవిరి చాలు. అలా జరిగిందని తేలితే షవరును ఫిర్యాదులో చేర్చకండి. మీరు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇస్తారు. అందులో ఒక్క మాట అబద్ధమని తేలితే పొక్కులు లేచిన ట్యాపు మీద కూడా కమిషన్‌కు నమ్మకం పోతుంది. అలాంటిదేమీ జరగలేదంటే ధైర్యంగా చేర్చండి.

నా లెక్కలో మీ కేసులో అన్నిటికంటే గట్టిది టవల్ రాడ్డు. ఇత్తడికి ఎర్ర తుప్పు పట్టదు. పాడైతే పచ్చటి చిలుము పడుతుంది. ఒక అయస్కాంతం తెచ్చి రాడ్డు మీద పెట్టి చూడండి. లోపలి స్క్రూలకు కాదు, రాడ్డుకే గట్టిగా అంటుకుంటే అది ఇనుము మీద వేసిన పూత. ఇత్తడి అని వర్ణించి ఇనుము అమ్మితే అప్పుడు వారంటీ షరతులతో పనే లేదు. అది తప్పుడు వర్ణనతో చేసిన అమ్మకం, అనుచిత వ్యాపార పద్ధతి కూడా. చీటీ మీద ‘బ్రాస్’ అని ఉందేమో చూడండి. పెట్టె ఉంటే దాని మీద కూడా చూడండి.

బిల్లు లేదని కంగారు వద్దు. బిల్లు ఇవ్వకపోవడమే వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఎస్టిమేట్ చీటీ, ఫోన్‌పే లావాదేవీ వివరాలు, షాపువాళ్లతో వాట్సాప్ మాటలు, పెట్టెల మీది స్టిక్కర్లు కలిపితే కొనుగోలు రుజువవుతుంది. చీటీ అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉన్నా లోపం ఉన్న సరుకుకు ఆ మాట చెల్లదు.

తర్వాత నోటీసు. చట్టం తప్పనిసరి అనలేదు గానీ పంపడమే మంచిది. షాపుకూ, తయారీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో పంపి రశీదులు దాచుకోండి. ఒక్కరినే పార్టీగా చేస్తే ‘వాళ్లను అడగండి’ అని చేతులు దులుపుకుంటారు. వారంటీ కార్డు చదివి, ట్యాపు లోపలి భాగానికి ఎన్నేళ్లు, పై పూతకు ఎన్నేళ్లు అన్నది వేరుగా చూడండి. చాలా కార్డుల్లో రెండూ ఒకటి కావు. పదేళ్లన్నది లోపలి భాగానికే అయి ఉండవచ్చు. 15 రోజుల గడువిచ్చి, మార్చి ఇవ్వండి లేదా డబ్బు వాపసివ్వండి అని అడగండి. ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టినా మేలే. కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి.

అవతలివాళ్లు లోపమే లేదంటే, అదే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద ట్యాపును సీలు వేసి ప్రయోగశాలకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. రిపోర్టు 45 రోజుల్లో రావాలి. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేలాలని చట్టం అంటుంది. ఆచరణలో ఇంకొంత పట్టవచ్చు. ఈ పరీక్ష కోసమే ట్యాపును విప్పినా ఎవరికీ ఇవ్వవద్దంటున్నాను. ‘చూసి పంపుతాం’ అని షాపువాళ్లు అడిగినా, రాతపూర్వకంగా రశీదు లేకుండా చేతికివ్వకండి. ఫిర్యాదుకు గడువు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. పదేళ్ల వారంటీ ఉంది కదా అని కూర్చోకండి.

అడిగేది పాడైన వస్తువుల ధర, వడ్డీ, ప్లంబరు కూలి, కేసు ఖర్చు, న్యాయమైన మేరకు పరిహారం. గోడలోకి బిగించిన భాగం మార్చడానికి టైల్స్ పగలగొట్టాల్సి వస్తే ఆ ఖర్చుకు మేస్త్రి చేత అంచనా రాయించి జతచేయండి. ఐదు లక్షల మనోవేదన అని రాస్తే అసలు నష్టం కూడా తేలికైపోతుంది.

ఈలోగా మిగిలిన ట్యాపులను స్నానాలయ్యాక మెత్తటి గుడ్డతో తుడవండి, చాలు. స్టీలు పీచు, టాయిలెట్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. నోటీసు అందాక షాపువాళ్లు రాజీకొచ్చి కొత్త ట్యాపు ఇస్తామంటే తీసుకోండి, కానీ సరైన బిల్లు మీద ‘బ్రాస్, క్రోమ్ పూత’ అని వస్తువు పేరు, పూతకు ఎన్నేళ్ల వారంటీయో రాయించుకుని, కొత్త తేదీ వేయించాకే పాతది వాళ్లకు ఇవ్వండి.