ట్రస్టు ఉద్యోగం, మూడేళ్ల ప్రణాళిక, ఒక తండ్రి టెన్షన్

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చేసి రెండేళ్లుగా గుంటూరులో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తోంది. మిర్చి పనులకు వెళ్లేవాళ్ల పిల్లలకు సాయంత్రం బడులు నడిపే సంస్థ. జీతం 18 వేలు. ఇప్పుడు సంస్థకు మూడేళ్ల ప్రణాళిక, అందులో లక్ష్యాలు రాయమని ఆ పని తన నెత్తిన పెట్టారు. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఈ అనుభవం ఎందుకైనా పనికొస్తుందా? ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), డెవలప్‌మెంట్ మేనేజ్‌మెంట్‌లలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. మంచి పొజిషన్‌లో ఉండాలన్నదే మా కోరిక. - ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కోర్సుల సంగతి తర్వాత చెబుతానండీ. మిమ్మల్ని తినేస్తున్నది అది కాదు. ఏదో పెళ్లిలో ఎవరో ఒకరు "ఎన్జీవో సరే, ఉద్యోగం ఏం చేస్తోంది?" అని అడిగి ఉంటారు. బెజవాడలో నా దగ్గరకొచ్చే తండ్రులు ఆ మాట బయటికి చెప్పలేక ఎంబీఏ మంచిదా, ఎంఎస్‌డబ్ల్యూ మంచిదా అని అడుగుతారు.

ముందు అమ్మాయి నిద్ర సంగతి చూద్దాం. సొసైటీ అయితే కార్యవర్గం, ట్రస్టు అయితే ట్రస్టీలు: రాబోయే మూడేళ్లు ఏం చేయాలో తేల్చాల్సింది వాళ్లు. మీ అమ్మాయి లెక్కలు తీసి, చిత్తుప్రతి రాసి పెడుతుంది, అంతే. బరువంతా తనదే అనుకుంటోంది కాబట్టి నిద్ర పట్టడం లేదు. వాళ్లందరినీ ఒక పూట కూర్చోబెట్టమనండి. కూర్చోకపోతే అది ఆమె తప్పు కాదు.

ఇక రాయడం. "విద్య ద్వారా సాధికారత" అంటే అది ఫ్లెక్సీకి పనికొస్తుంది. "పన్నెండు కేంద్రాలు, నలభై మీటింగులు" అంటే అది చేసే పని, వచ్చే ఫలితం కాదు. ఉదాహరణకు, "మూడో తరగతి పిల్లల్లో ఇప్పుడు పదికి నలుగురు తెలుగు పేరా తడుముకోకుండా చదువుతున్నారు, మూడో ఏడాది చివరికి ఏడుగురు చదవాలి" అంటే లక్ష్యం. ఏడుగురు అని రాసే ముందు ఆ నలుగురి లెక్క నిజంగా తీసి ఉండాలి. చాలా సంస్థలు అక్కడే బద్ధకిస్తాయి.

లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలని 1981లో జార్జ్ డోరన్ చెప్పిన 'స్మార్ట్' సూత్రాన్ని ప్రతి ట్రైనరూ బోర్డు మీద రాస్తాడు. మంచిదే. కానీ మన వైపు సంక్రాంతి దాటాక మిరప కోతలు ఊపందుకుంటాయని, తల్లుల వెంట పిల్లలూ చేలకు పోతారని ఆ సూత్రంలో ఉండదు. హాజరును సెప్టెంబరులో లెక్కపెడితే సంస్థ అద్భుతాలు చేసినట్టు, మార్చిలో లెక్కపెడితే చేతులెత్తేసినట్టు కనిపిస్తుంది. ఏటా ఒకే నెలలో కొలవాలి. నన్నడిగితే కోతల నెలలోనే కొలవాలి, అప్పుడు బడికొచ్చిన పిల్లలే అసలు లెక్క. ఇది మీ అమ్మాయికి తెలుసు. పెద్ద ఊరి నుంచి వచ్చే కన్సల్టెంటుకు తెలియకపోవచ్చు.

డబ్బు వైపు నుంచి చూస్తే బీకాం ఇక్కడే అక్కరకొస్తుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఆ పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు, ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన ఉంది. ఆ డబ్బు తీసుకోవాలంటే 2021 ఏప్రిల్ నుంచి సంస్థ సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి. విదేశీ నిధులైతే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆఫీసు నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి పడింది. ఇవి తెలియకుండా రాసిన లక్ష్యం రెండో ఏడాదే కుంటుతుంది. దాత కంప్యూటర్ ల్యాబ్ ఇస్తానంటే చదవడం పక్కకు పోయి ల్యాబే లక్ష్యమైపోవడం నేను చూశాను. అందుకే మూడు లక్ష్యాలకు మించొద్దనండి. ఒక్కోదాని పక్కన ఎవరు చేస్తారు, డబ్బు ఎక్కడిది అని రాయాలి. ఏమేం మానేస్తామో కూడా రాయాలి. కార్యవర్గంలో గొడవ వచ్చేది ఆ చివరి దాని దగ్గరే, రానివ్వండి. కొంచెం ఖాళీ కూడా ఉంచుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడలో సింగ్ నగర్‌ను ముంచినప్పుడు ప్రణాళిక చూసుకుంటూ ఎవరు కూర్చుంటారు?

ఇక కోర్సులు. ఇలాంటి సేవా సంస్థలను నడపడం నేర్పే డెవలప్‌మెంట్ మేనేజ్‌మెంట్ ఇప్పుడు ఫ్యాషన్. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మా, ముంబైలో 1936 నాటి సామాజిక శాస్త్రాల సంస్థ టిస్ లాంటి వాటిని నేను తక్కువ చేయను. నా అనుమానమంతా అదే పేరుతో లక్షల ఫీజు అడిగే కొత్త కోర్సుల మీద, 'ఇంపాక్ట్' అని పేరు తగిలించిన ఆరు వారాల సర్టిఫికెట్ల మీద. ఆ దారిలో నేనే ఇద్దరిని పంపాను. ఒకమ్మాయి సంతోషంగా ఉంది. ఇంకో అబ్బాయి ఏసీ గదిలో దాతలకు స్లైడ్లు చేసీ చేసీ విసిగి, ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాడు. ఎడ్యుకేషన్ లోన్ వాయిదా నెలకు ఎంతవుతుందో బ్యాంకులో అడిగి, చేరబోయే ఉద్యోగం జీతం పక్కన రాసుకుని చూడండి. నాకైతే ఆ లెక్క చాలాసార్లు కుదరలేదు.

పోల్చమన్నారు కాబట్టి: పిల్లల సంరక్షణ, ఆసుపత్రి, కౌన్సెలింగ్ వైపు మనసుంటే ఎంఎస్‌డబ్ల్యూ. లెక్కలు, నిధుల వైపైతే ఫైనాన్స్‌తో ఎంబీఏ, ఈ రంగం వద్దనుకున్నా బయటికి దారి ఉంటుంది. ఏదైనా ఈ ప్రణాళిక ఒక ఏడాది నడిచాకే. రాసిన లక్ష్యం ఎక్కడ తప్పిందో చెప్పగలిగే అమ్మాయిని ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసేయరు.

మీకు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. "మంచి పొజిషన్" అన్నారు. ఏ పొజిషన్, ఎప్పటికి, ఎవరు కొలుస్తారు? మీ అమ్మాయి తన ప్రణాళికలో ఇలా రాస్తే కార్యవర్గం వెనక్కి పంపుతుంది. జీతం ఎంతో రాశారు గానీ, తనకేం కావాలో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? ఆ సాయంత్రం బడికి ఒక్కసారైనా వెళ్లారా? ఈ వారం వెళ్లండి, వెనక చాప మీద కూర్చోండి, పోలికలు పెట్టకండి.

18 వేలు తక్కువే, అందులో మీతో నాకు పేచీ లేదు. ప్రణాళిక ఆమోదం పొందిన రోజే జీతం పెంచమని, ఆ పని తానే చేసినట్టు లెటర్ ఇమ్మని అడగాలి. అడగాల్సింది ఆమె. మీరు సెక్రటరీకి ఫోన్ చేయకండి.