ఫిబ్రవరిలో జపాన్ వాళ్లు ఇంట్లో గింజలు ఎందుకు విసురుతారు?

అది సెత్సుబున్ పండగ. వాళ్ల పాత లెక్కలో వసంతం మొదలయ్యే రోజుకి ముందు రోజన్నమాట. మామూలుగా ఫిబ్రవరి 3న వస్తుంది, 2021లోనూ 2025లోనూ మాత్రం 2నే వచ్చింది.

ఇంట్లో ఒకరు, చాలాసార్లు నాన్నే, ఓని అనే రాక్షసుడి మాస్క్ పెట్టుకుని వస్తే పిల్లలు ‘ఓని వా సోతో, ఫుకు వా ఉచి’ అని అరుస్తూ, అంటే రాక్షసుడు బయటికి, అదృష్టం లోపలికి అంటూ, వేయించిన సోయా గింజలు అతని మీదకి విసురుతారు. పచ్చివి వాడరు, ఏ మూలో పడి మొలకెత్తితే అరిష్టమట. తర్వాత ఎన్నేళ్లుంటే అన్ని గింజలు తినాలి, కొన్నిచోట్ల ఇంకోటి ఎక్కువ. తాతగారికి పళ్లు గట్టిగా ఉండాలి మరి! కొందరు గుమ్మానికి ముళ్ల ఆకుల కొమ్మకి గుచ్చిన సార్డిన్ చేప తల కూడా పెడతారు, ఆ కంపుకి రాక్షసుడు పారిపోతాడని.

ఆ ఏటి శుభదిక్కుకి తిరిగి, మాట్లాడకుండా, ఎహోమాకి అనే పొడవాటి సుషీ రోల్ (సముద్రపు నాచు రేకులో చుట్టిన అన్నం) మొత్తం తినడం అసలు ఒసాకా వైపు అలవాటు. దేశమంతా పాకడానికి కారణం భక్తి కాదు, 1990ల చివర్లో కన్వీనియన్స్ స్టోర్ల ప్రచారం. ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో అయితే సోయాకి బదులు పొట్టుతో ఉన్న వేరుశనక్కాయలే విసురుతారు, ఏరుకుని తినడం తేలిక.